పిల్లొచ్చిందేమో సూడండి

మొన్న మధ్యాహ్నం భోజనాలయ్యాక నా కోడలు ఫోన్ పట్టుకుని వచ్చి మంచం అంచున కూర్చుంది. తిరుపతిలో ఇప్పుడు మేముంటున్నది మూడో అంతస్తు. ఆ వేళప్పుడు వంటగది కిటికీలోంచి ఎండ హాల్లోకి వస్తుంది. పొద్దున నూరిన కొత్తిమీర పచ్చడి వాసన ఇంకా ఇంట్లోనే తిరుగుతూ ఉంటుంది.

"అత్తమ్మా, ఈ పెద్దామె వీడియో చూడండి. ఇంటి ఖర్చు తగ్గించుకునేది గురించి భలే చెప్తాది. మీకు నచ్చుతుంది" అంది.

తెల్లటి పలకలు పరిచిన వంటగది. స్టవ్ పక్కన నిలబడి ఒక పెద్దామె బీరకాయ చెక్కు తీస్తోంది. ఆ చెక్కును పారేయకుండా పచ్చడి ఎలా చేయాలో చెబుతోంది. నాకు ఆమె మొహం కన్నా ముందు చేతులు తెలిశాయి. గట్టి అంచుల దగ్గర లోతుగా గీసి, మధ్యలో పల్చగా చెక్కు తీసి, గీసిన ప్రతిచోటా బొటనవేలితో తడిమి చూసుకునే ఆ పద్ధతి మా అమ్మది. ఆ తర్వాత గొంతు గుర్తుపట్టాను. ఆమె మా మేనత్త. నాయనకు ఒక్కగానొక్క చెల్లెలు. తిరుచానూరులో మనవరాలి దగ్గర ఉంటోందని తెలుసు గానీ, ఆ పిల్ల ఆమె చేత ఇలా వీడియోలు చేయిస్తోందని తెలియదు.

పులుసు పిండేశాక మిగిలిన చింతపండు పిప్పితో ఇత్తడి చెంబు తోమి చూపించింది. అరిగిపోయిన సబ్బు ముక్కల్ని పాత గుడ్డలో మూటకట్టి చూపించింది. గుమ్మడికాయ గింజల్ని ఎండబెట్టి, వేయించి, దంచిన పొడిని డబ్బాలోంచి తీసి, "కూర పలచబడింది అనుకోండి, ఈ పొడి ఒక్క చెంచా వేస్తే చాలు. జీడిపప్పులూ గసగసాలూ అక్కర్లేదు" అంది. చివర్లో చేతులు తుడుచుకుంటూ మనల్నే చూస్తున్నట్టు నవ్వింది.

"ఇవన్నీ మా అత్తగారు నేర్పించినవే. మహాతల్లి, ఏదీ వృథా పోనిచ్చేది కాదు."

"ఈ గింజల పొడి సంగతి మీకు తెలుసా అత్తమ్మా?" అని కోడలు అడిగింది.

తెలియదన్నాను. నిజంగానే తెలియదు. అమ్మ వండే కూరల్లో ఒక కమ్మదనం ఉండేది, నాలుకకు కాస్త గరుకుగా తగిలేది. ఎన్నిసార్లు ప్రయత్నించినా నా కూరల్లో అది రాలేదు. అదేమిటో ఈ వయసులో, అదీ ఆమె నోటి నుంచి తెలిసింది. తలనొప్పిగా ఉందని చెప్పి గోడ వైపు తిరిగి పడుకున్నాను. నిద్ర మాత్రం పట్టలేదు.

చిత్తూరులో మా ఇల్లు బెల్లం మండీల వెనక సందులో ఉండేది. గానుగలు ఆడే కాలంలో ఆ సందంతా బెల్లం వాసన, గోనెసంచుల వాసన, కందిరీగల రొద. నాయన ఒక మండీలో గుమాస్తా. సాయంత్రం ఇంటికొచ్చి చొక్కా విప్పి కొయ్యకు తగిలిస్తే, కాసేపటికి దాని జేబు చుట్టూ చీమలు బారు కట్టేవి. బస్తాల కింద రాలిన బెల్లం పొడిని ఊడ్చి పారేసే ముందు యజమానిని అడిగి పొట్లం కట్టుకొచ్చేవాడు. అందులో చెరుకు పీచు, ఒక్కోసారి గోనె దారం ఉండేవి. అమ్మ దాన్ని నీళ్ళలో కరిగించి, పాత ధోవతి గుడ్డలో వడగట్టి మళ్ళీ పాకం పట్టేది. ఆ పాకం పొయ్యి మీద ఉడుకుతున్నంతసేపూ నేనూ తమ్ముడూ వంటింటి గడప వదిలేవాళ్ళం కాదు.

ఇల్లంటే రెండు గదులూ వెనక వంటిల్లూ. రెండు గదుల మధ్య గోడకు పైన ఒక ఇటుక తీయించి ఆ కంతలో బల్బు పెట్టించింది అమ్మ. ఒకటే బల్బు, అటు వెలుగూ ఇటు వెలుగూ. ఏదైనా గొడవొచ్చి తమ్ముడు స్విచ్చి ఆర్పేస్తే రెండు గదులూ ఒకేసారి చీకటైపోయేవి. అందరం ఒకేసారి అరిచేవాళ్ళం.

అమ్మ పెళ్ళయి ఆ ఇంటికి వచ్చేనాటికి అత్త పావడా కట్టే చిన్నపిల్ల. తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారు. పెళ్ళిపీటల మీద నుంచి లేవగానే ఎవరో ఆ పిల్లను తెచ్చి అమ్మ ఒళ్ళో కూర్చోబెట్టారట. "పెండ్లయిన పూటనే బిడ్డతల్లినయినాను నేను" అని అమ్మ నవ్వుతూ చెప్పుకునేది. అత్త అమ్మ కొంగు చేత్తో పట్టుకుని నిద్రపోయేదట. అమ్మ ఆమెను "పాపా" అని పిలిచేది. నేను పుట్టాక కూడా ఆ ఇంట్లో పాప అంటే అత్తే. నన్ను చిన్నపాప అనేవాళ్ళు.

అత్త చదువులో చురుకు. హైస్కూలు అయిపోయాక ఇక చాలు, సంబంధం చూద్దామని నాయన అన్నాడు. అమ్మ ఒప్పుకోలేదు.

"దానికి అమ్మ లేదు, నాయన లేడు. సదువన్నా ఉండనీ."

"ఎట్లా సదివిస్తావే? నాకొచ్చేది నీకు తెలీదా?"

"నువ్వు గమ్మునుండు. అది నేను సూసుకుంటా."

అమ్మ చూసుకుంది. ఎలా చూసుకుందో చెప్పాలంటే మా వంటింటి సంగతంతా చెప్పాలి. బియ్యం కడిగిన నీళ్ళు పారబోసింది నేనెప్పుడూ చూడలేదు. అవి పులుసులోకి పోయేవి. గంజి నాయన చొక్కాలకు పోయేది. పగలు ఒక పూటే అన్నం. సాయంత్రం రాగిసంగటి, నంజుకోవడానికి వేరుశనగ ఊరుబిండి. వేరుశనగ తొక్కలు పొయ్యిలోకి. పుచ్చకాయ తింటే ఎర్రటిది మాకు, తెల్లటి భాగం మర్నాడు కూర. టమాటాలకు అమ్మ సంతకు పొద్దున పోయేది కాదు. అమ్మేవాళ్ళు గోనెలు దులిపే వేళకు పోయి, మెత్తబడినవి బుట్టెడు తెచ్చి, ఉప్పేసి మిద్దె మీద ఎండబెట్టేది. ఒక చీర అమ్మ కట్టుకోవడం మానేశాక నాకు పావడా అయ్యేది, పావడా చిరిగితే బొంతలోకి పోయేది, బొంత కూడా చివికిపోతే దాని ముక్కలు పొయ్యి మీది గిన్నెలు దించే మసిగుడ్డలు. ఒక నీలిచీర పువ్వుల్ని అన్ని అవతారాల్లోనూ నేను చూశాను.

ఇదంతా కష్టమని మాకు తెలియదు. అత్త మాకు అలా తెలియనివ్వలేదు. ఆమె తిరుపతి కాలేజీలో చేరి హాస్టల్లో ఉండేది. సెలవులకు ఇంటికి వచ్చిందంటే ఆ వంటిల్లు తిరునాళ్ళే. పోపు వేసిన బాణలిని కడగనిచ్చేది కాదు. అందులో వేడి అన్నం వేసి, ఉప్పు చల్లి, అడుగున అంటుకున్న ఆవాలూ ఎండుమిరపకాయ తునకలూ నూనే అంతా అన్నానికి పట్టేలా కలిపి, మా ఇద్దరికీ ముద్దలు పెట్టేది. ఆఖరి ముద్ద కోసం మేం కొట్టుకునేవాళ్ళం. అత్త ఆ ముద్దను అమ్మ నోట్లో పెట్టి, "ఇంగ కొట్టుకోండి" అనేది. అమ్మ నాలుగు రకాల పొడులు దంచుతుంటే రోటి పక్కన కూర్చుని రోకలి అందుకునేది. దేన్లో ఏం కలుపుతున్నారో వాళ్ళిద్దరికే తెలుసు. మధ్య మధ్యలో ఏదో గుసగుసగా అనుకుని ఇద్దరూ పగలబడి నవ్వేవాళ్ళు. నాయన అవతలి గదిలోంచి "ఏందే ఆ నవ్వులు, మాకూ సెప్పండి" అంటే ఇంకా నవ్వేవాళ్ళు.

ఒకసారి నేను బడి దగ్గర ఐసు పుల్ల కావాలని ఏడ్చాను. అమ్మ, "అత్త సదువు అయిపోనీ. నీకు కుండెడు ఐసు కొనిస్తా" అంది. మా ఇంట్లో అన్నిటికీ అదే గడువు. కొత్త చెప్పులు, నాయనకు సైకిలు, వంటింటికి తలుపు, అమ్మకు ఇంకో చీర, అన్నీ అత్త చదువు అయ్యాకే. మాకు అత్త మీద కోపం రాలేదు. ఆమె చదువు మా అందరిదీ అనుకున్నాం.

ఇక పిల్లి సంగతి.

నేనింకా పుట్టకముందు, అత్త బడికి పోయే రోజుల్లో, మండీకి బెల్లం వేసే రైతులిద్దర్ని నాయన చెప్పాపెట్టకుండా భోజనానికి తీసుకొచ్చాడట. అమ్మ చారులో నీళ్ళు పోసి ఎలాగో సర్ది వడ్డించింది. అత్త వాళ్ళ పక్కనే కూర్చుని, "వదినా, ఇంకొంచెం కూర" అంది. గిన్నె అడుగున గరిటె గీరుకున్న చప్పుడు అందరికీ వినబడింది. ఆ రైతులు మారు మాట్లాడకుండా చేతులు కడిగేసుకున్నారు. వాళ్ళు వెళ్ళాక అత్త వెక్కి వెక్కి ఏడ్చింది. అమ్మ ఆమెను ఒళ్ళోకి లాక్కుంది.

"ఏడవబాకు పాపా. ఇంగ మీద ఎవురన్నా వచ్చినప్పుడు నేను 'పిల్లొచ్చిందేమో సూడండి' అంటా. అట్లంటే గిన్నెలో లేదని. నువ్వు సాలు అని లేసిపో. నీకు పక్కన తీసిపెడతాలే."

అలా మొదలైన మాట మాకూ వచ్చింది. చుట్టాలొచ్చినప్పుడు అమ్మ మామూలుగా వడ్డిస్తూనే "పిల్లొచ్చిందేమో సూడండి పిలకాయలారా" అనేది. నేను వెంటనే "సాలు" అనేదాన్ని. తమ్ముడు మరీ చిన్నవాడు, నిజంగానే లేచి వెళ్ళి వాకిట్లో పిల్లి కోసం వెతికేవాడు. నవ్వు ఆపుకోలేక అత్త నా తొడ గిల్లేది. చుట్టాలు వెళ్ళాక అమ్మ ఉట్టి మీంచి చిన్న సత్తు గిన్నె దించేది. అందులో మా కోసం తీసిపెట్టింది ఉండేది. ఒకే పళ్ళెంలో వేసుకుని అందరం తినేవాళ్ళం. "నేనప్పుడే తినేసినా" అని అమ్మ పక్కన కూర్చుని చూసేది. ఆమె ఎప్పుడు తిందో ఎవరికీ తెలియదు.

అత్త చదువు అయింది. శ్రీకాళహస్తిలో మంచి సంబంధం కుదిరింది. గుడి దగ్గర ఇత్తడి సామాన్ల అంగడి, పైన మిద్దె ఇల్లు. వాళ్ళకు చదువుకున్న కోడలు కావాలి. అప్పగింతలప్పుడు అత్త అమ్మ కొంగు వదల్లేదు. చివరికి అమ్మే ఒక్కొక్క వేలూ విడదీసి, "పో పాపా, నువ్వు నవ్వతా ఉంటే సాలు నాకు" అంది.

ఆ వేసవి సెలవులకు నన్ను కాళహస్తి పంపించారు. బస్సులో నాయన తీసుకెళ్ళి దింపి, మజ్జిగ తాగి వెంటనే వెనక్కి బయలుదేరాడు. అమ్మ ఒక డబ్బాలో వడగట్టిన బెల్లంతో చేసిన వేరుశనగ ఉండలు పంపింది. స్వర్ణముఖి ఏట్లో ఇసక తప్ప నీళ్ళు లేవు. కింద అంగట్లో బిందెలు ఒకదాని మీద ఒకటి మెరుస్తూ ఉండేవి. ఆ ఇంట్లో అత్త భర్త, ఆయన చెల్లెళ్ళిద్దరు, వాళ్ళమ్మ ఉండేవాళ్ళు. ఆ పెద్దామెను నేను కాళహస్తి అవ్వ అనేదాన్ని. లావుపాటి మనిషి, చేతి నిండా గాజులు, పెద్ద గొంతు. వంటింట్లో కూరగాయల చెక్కులు బుట్టల కొద్దీ దొడ్లోకి పోయేవి. నేను కళ్ళప్పగించి చూస్తుంటే ఆమె, "ఏం పాపా, ఆవులకి ఏసేది కూడా కావాలా నీకు?" అని నవ్వింది. నాకు అర్థం కాలేదు.

మర్నాడు మధ్యాహ్నం అందరం వరసగా కూర్చున్నాం. నేతి వాసన గడప దాకా వస్తోంది. వంకాయ కూర చాలా బాగుంది. నా విస్తట్లో అయిపోయింది. అత్త గరిటె పట్టుకుని నా వైపు వస్తోంది. అప్పుడు మామ, అంటే అత్త భర్త, పక్కకు తిరిగి గొంతు మార్చి అన్నాడు.

"పిల్లొచ్చిందేమో సూడండి!"

నేను చటుక్కున చేయి వెనక్కి తీసుకున్నాను. "సాలు" అని లేచి నిలబడ్డాను.

ఒక్కసారిగా అందరూ నవ్వారు. అవ్వకు నవ్వీ నవ్వీ పొలమారింది. ఒక చెల్లెలు నీళ్ళు అందిస్తూ, "వదిన సెప్పింది నిజమే! సూడు, ఎట్లా లేసి నిలబడిందో!" అంది. నేను అత్త వైపు చూశాను. ఈ మాట వాళ్ళకు ఎలా తెలిసిందో అప్పటికి ఇంకా నా బుర్రకు ఎక్కలేదు. అత్త వాళ్ళను కసురుతుంది అనుకున్నాను. అత్త గరిటె పట్టుకుని నిలబడి ఉంది. ఆమె కూడా నవ్వుతోంది.

ఆ రోజు సాయంత్రం వెనక వసారాలో ఇరుగుపొరుగు ఆడవాళ్ళు చేరారు. పూలు కడుతూ కూర్చున్నారు. "మీ వదిన కత సెప్పమ్మే" అని అవ్వ అడిగింది. నేను మెట్ల మీద ఉన్నానని వాళ్ళు చూడలేదు. అత్త లేచి కొంగు నడుముకు చుట్టింది. అమ్మ ఎలా చుట్టుకుంటుందో అలాగే, కొస బయటికి కనబడేలా. కాస్త ముందుకు వంగి, నూనె డబ్బాను తలకిందులు చేసి ఆఖరి చుక్క కోసం అడుగున అరచేత్తో తట్టినట్టు చేసి చూపించింది. అమ్మ మాట్లాడినట్టే మాట్లాడింది. సబ్బు మూట, గోడలో బల్బు, సంతలో మెత్తబడిన టమాటాలు, అన్నీ చెప్పింది. "అగ్గిపుల్లని బ్లేడుతో చీల్చి రెండు చేస్తాది మా వదిన" అంది. అది అబద్ధం. అమ్మ అగ్గిపుల్లను ఎప్పుడూ చీల్చలేదు. పక్కింట్లో పొయ్యి వెలిగితే నిప్పు తెచ్చుకునేది, అంతే. ఆ అబద్ధానికే అందరికన్నా ఎక్కువ నవ్వారు.

తర్వాత అత్త నన్ను చూసింది. నేను లేచి పైకి వెళ్ళిపోయాను. మేడ మీదికి నా వెనకే వచ్చి నా పక్కన కూర్చుంది. చేతిలో కొబ్బరి మిఠాయి పెట్టింది. నేను తినలేదు.

"ఊరికే నవ్వులాటకే చిన్నపాపా. ఈళ్ళు పెద్దింటోళ్ళు. వచ్చిన కొత్తలో నాతో మాట్లాడేవాళ్ళే లేరు. ఒకనాడు ఏదో మన ఇంటి సంగతి సెప్తే నవ్వినారు. ఆ పొద్దే నన్ను దగ్గర కూసోబెట్టుకున్నారు. నేనేం సేసేది సెప్పు?"

మిఠాయిని ఆమె ఒళ్ళో పెట్టేశాను.

"అమ్మకి మాత్రం సెప్పొద్దు" అంది.

అక్కడున్న మిగతా రోజులు నేను ఏదీ రెండోసారి వడ్డించుకోలేదు. అడగలేదు, వాళ్ళు వేయబోతే చేయి అడ్డం పెట్టాను. అత్త రెండు మూడుసార్లు బతిమాలింది, తర్వాత మానేసింది. అమ్మ పంపిన ఉండల డబ్బా నేను తిరిగి వచ్చేటప్పుడు కూడా అటక మీద అలాగే ఉంది.

ఇంటికి రాగానే అమ్మ నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని తలకు నూనె రాస్తూ అడిగింది.

"పాప ఎట్లుండాది? సిక్కిపోయిందా?"

"లేదు. బాగుండాది."

"నా గురించి ఏమన్నా అనిందా?"

"నువ్వంటే ఆడ అందరికీ తెలుసమ్మా" అన్నాను.

అమ్మ మురిసిపోయింది. నా తల మీద ఆమె చేతులు ఆగిపోవడం నాకు తెలిసింది. "నాకు తెలుసు" అంది. "అది నన్ను తల్సుకోకుండా ఉండలేదు."

కొన్ని నెలలకు అత్త నీళ్ళోసుకుందని కబురు వచ్చింది. తొలికాన్పు పుట్టింట్లో జరగాలి. అమ్మ అప్పటి నుంచే సన్నాహాలు మొదలుపెట్టింది. సాయంత్రం సంగటి ముద్ద ఇంకా చిన్నదైంది. నాయనకు సైకిలు కొనే మాట మళ్ళీ వెనక్కి పోయింది. ఏడో నెలలో సీమంతానికి కాళహస్తి నుంచి వాళ్ళంతా కారులో వచ్చారు. సందులో కారు పట్టక మలుపు దగ్గరే దిగి నడిచారు. అమ్మ ఆ రోజు దేనికీ వెనకాడలేదు. ఓళిగలు, చిత్రాన్నం, పప్పు, రెండు కూరలు, గడ్డపెరుగు, పొరుగింటి నుంచి తెచ్చిన పెద్ద గిన్నెల నిండా చేసింది. ఒక్కొక్కరికీ అడిగి అడిగి వడ్డించింది. ఇంట్లో అంత అన్నం ఒకేసారి ఉడకడం నేను ఎప్పుడూ చూడలేదు. అత్త గాజుల చేతులు ఒళ్ళో పెట్టుకుని అందరి మధ్యలో కూర్చుంది. అమ్మ అటూ ఇటూ తిరుగుతూ పోయినప్పుడల్లా ఆమె తల నిమిరి వెళ్తోంది.

భోజనం అయిపోవస్తుండగా కాళహస్తి అవ్వ వేళ్ళు నాక్కుంటూ గట్టిగా అంది.

"ఏమ్మా, అంతా బాగుండాది గానీ, మీ ఇంటి పిల్లి యాడ? ఈపొద్దు రానే లేదే!"

అమ్మకు అర్థం కాలేదు. గరిటె పట్టుకునే వాకిలి వైపు తిరిగి, నిజంగానే పిల్లి కోసం చూసింది. మామ చెల్లెళ్ళిద్దరూ నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. మామ తల వంచుకుని నవ్వుతున్నాడు. అమ్మ ఇటు తిరిగి వాళ్ళ మొహాలు ఒక్కొక్కటే చూసింది. అప్పుడు తెలిసింది ఆమెకు. అత్త వైపు చూసింది. అత్త విస్తట్లో అన్నాన్ని వేలితో గీస్తోంది.

అమ్మ పప్పు గిన్నె తీసుకుని వరసలో వాళ్ళందరికీ ఇంకోసారి వడ్డించింది. చివర అత్త దగ్గరికి వచ్చి ఆగింది.

"మీకు ఇంకొంచెం ఎయ్యమంటారా అమ్మా?"

మా ఇంట్లో 'మీరు' అనే మాట లేదు. అమ్మ నాయనను కూడా నువ్వు అనే పిలిచేది. మండీ యజమాని, ఆస్పత్రి డాక్టరు, బడి అయ్యవారు, వీళ్ళకు మాత్రమే మీరు. అత్త తలెత్తి చూసింది. అమ్మ మొహంలో కోపం లేదు. వాకిట్లోకి వచ్చిన పరాయి మనిషిని చూసినట్టు మర్యాదగా చూస్తోంది. అత్త చాలని తలాడించింది.

కాళహస్తి వాళ్ళు వెళ్ళాక నాయన అమ్మకు నచ్చచెప్పబోయాడు. నేను గుమ్మం దగ్గరే ఉన్నాను.

"పోనీలేవే. సిన్నపిల్ల. నవ్వులాటకి అనుంటాది."

"నవ్వినారని కాదు" అంది అమ్మ, గిన్నెలు బోర్లిస్తూ. "తక్కువ తిన్నానని నాకెప్పుడూ సిగ్గు లేదు. దాని ముందర ఒక్కదాని ముందరే నేను ఏదీ దాసుకోకుండా బతికినాను. నీ ముందర కూడా అట్లా బతకలా."

నాయన లేచి వాకిట్లోకి వెళ్ళిపోయాడు.

కాన్పు దాకా అత్త మా ఇంట్లోనే ఉంది. అమ్మ ఏదీ లోపం చేయలేదు. పాదాలు వాస్తే వేడినీళ్ళు కాచి పోసింది. నిమ్మకాయ ఊరగాయ మీద మనసైతే ఎవరింట్లోనో అడిగి తెచ్చి పెట్టింది. కాన్పయ్యాక పత్యం వంటలు, సాంబ్రాణి పొగ, వీపుకు కాపడం, అన్నీ తన చేత్తోనే. కానీ ప్రతి మాటా మీరు. "మీరు లేవబాకండి." "మీకు నీళ్ళు తోడినాను." "మీరు తినండి, సల్లారిపోతాది." అత్త చిక్కుడుకాయల ఈనెలు తీయడానికి చాట పట్టుకుని వంటింట్లోకి వస్తే, అమ్మ చాట అందుకుని, "ఈడ పొగ. మీరు లోపల కూసోండి" అనేది. పుట్టిన ఆడబిడ్డను కాళ్ళ మీద వేసుకుని నలుగు పెడుతూ మాత్రం, "ఏం తల్లీ, నీకు నీళ్ళు వేడైనాయా? నువ్వెందుకమ్మా ఏడస్తావు?" అని ముద్దు చేసేది. ఆ నువ్వు వినడానికి అత్త గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడేది.

ఒకరోజు అత్త ఉండబట్టలేక అమ్మ చేతులు పట్టుకుంది.

"వదినా, తిట్టు. కావాలంటే కొట్టు. నన్ను మీరు అనొద్దు."

అమ్మ మెల్లగా చేతులు విడిపించుకుంది. "బిడ్డ లేసినట్టుంది. మీరు పోయి పాలియ్యండి" అంది.

అత్త వెళ్ళిపోయాక వంటింటికి తలుపు పెట్టించారు. ఎన్నాళ్ళుగానో అనుకుంటున్న తలుపే. అమ్మ వండేటప్పుడు దాన్ని మూసుకునేది. పొగ మీకు పడదు, బయట ఆడుకోండి అనేది. బాణలిలో అన్నం కలిపి ఇచ్చేది లేదు. రోటి పక్కన కూర్చోనిచ్చేది కాదు. పిల్లి మాట ఆ ఇంట్లో మళ్ళీ వినబడలేదు. ఇంటి జరుగుబాటు నెమ్మదిగా మెరుగైంది. నాయనకు సైకిలు వచ్చింది. నాకు చెప్పులు వచ్చాయి. అయినా లోపల అమ్మ ఏదో ఎండబెడుతూనే ఉండేది, ఏదో దంచుతూనే ఉండేది. రోకలి చప్పుడు వినబడేది. పెద్దయ్యాక ఒకటి రెండుసార్లు నేర్పమని అడిగాను. "నీకెందుకివన్నీ. నీ ఖర్మా?" అని మాట దాటేసింది. నేను ఎవరి దగ్గర ఏం చెబుతానోనని భయపడిందని ఆమె అనలేదు. నాకు అర్థమైంది.

అమ్మ చివరి రోజుల్లో తిరుపతిలో నా దగ్గరే ఉంది. మంచంలో పడిందని తెలిసి అత్త వచ్చింది. తల నెరిసిపోయింది, మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కడానికి ఆయాసపడింది. రాగిజావ తనే కాచి, చెంచాతో అమ్మకు తాగించింది. అమ్మ బుద్ధిగా తాగింది. జావ సగం అయ్యాక అత్త గిన్నె ఒళ్ళో పెట్టుకుని అమ్మ చెవి దగ్గరికి వంగింది.

"వదినా, ఒక్కసారి పాపా అను. ఒక్కసారి సాలు."

అమ్మ ఆమెను చాలాసేపు చూసింది. గుర్తుపట్టలేదేమో అనుకున్నాను. గుర్తుపట్టింది. కళ్ళ కొసలు తడిశాయి కూడా. తర్వాత తల మెల్లగా నా వైపు తిప్పి అడిగింది.

"ఆయమ్మకి కాపీ ఇచ్చినావా?"

అత్త కొంగుతో అమ్మ మూతి తుడిచింది. నేను లేచి కాఫీ పెట్టడానికి వెళ్ళాను.

అమ్మ పోయాక చాలా రోజులు ఆమెది మరీ మొండితనం అనుకున్నాను. అంత చిన్న మాటకు, అన్నేళ్ళు. అత్త ఆ ఇంట్లో నెగ్గుకురావడానికి చేసిందే కదా, వయసు చిన్నది కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. ఒకప్పుడు నవ్వులపాలు చేసిన సంగతులే ఇప్పుడు నలుగురూ మెచ్చుకునేవి అయ్యేసరికి, అత్త వాటిని తీసుకుపోయి బుట్టల కొద్దీ చెక్కులు పారేసిన తన అత్తగారికి అంటగట్టింది. కావాలంటే ఫోన్ చేసి అడగొచ్చు. అడిగితే ఆమె ఏడుస్తుంది, మనవరాలు అలా చెప్పమందనో, అత్తగారంటే జనం ఇష్టంగా చూస్తారనో అంటుంది. నేను మెత్తబడిపోతాను. అందుకే అడగలేదు.

మండీల వెనక సందు ఇప్పుడు లేదు. ఆ చోట పెద్ద పెద్ద షట్టర్ల కొట్లు వచ్చాయి. అప్పట్లో ఆ వంటింట్లో రోటికి అటొకరూ ఇటొకరూ కూర్చుని నవ్వుకున్న ఇద్దరిలో ఒకరు లేరు. మిగిలిన మనిషికి తెలిసినవన్నీ మా అమ్మవి. వాటిలో సగం నాకు తెలియవు. అత్తకు దొరికినంత అమ్మ నాకు దొరకలేదు.